రాణికి పని లేదు, పనిమనిషికి పేరు లేదు

రాజుల సినిమా ఏదైనా సరే, దర్బారు సీను రాగానే నా కళ్ళు సింహాసనం దాటి వెనక్కి పోతాయి. అక్కడ వింజామరలు పట్టుకుని ఇద్దరమ్మాయిలు నిలబడి ఉంటారు. రాణిగారు మూడు పేజీల డైలాగు చెబుతున్నంతసేపూ వాళ్ళు విసురుతూనే ఉంటారు, ఆమెకి కోపం వచ్చినా విసురుతారు, ఎదురుగా ఎవరి తల తెగిపడినా విసురుతారు, ముఖంలో మాత్రం ఏమీ కనబడకూడదు. కథలో వాళ్ళు దాసీలు. కథ బయట కృష్ణానగర్ నుంచి తెల్లారకముందే ప్రొడక్షన్ బస్సెక్కి వచ్చిన జూనియర్ ఆర్టిస్టులు. రెండు చోట్లా వాళ్ళ పేరు ఎవరూ అడగరు.

మా అత్తమ్మకి ఈ సినిమాల మీద వేరే కంప్లైంట్ ఉంది. ఆమె నకిరేకల్ దగ్గర పల్లెలో ఒళ్ళు హూనమయ్యేదాకా నాట్లేసి, కలుపు తీసి, ఇప్పుడు మోకాళ్ళు సహకరించక మా దగ్గర హైదరాబాద్‌లో ఉంటోంది. టీవీలో ఏ రాణి కనబడినా ఒకటే ప్రశ్న. "గీమె పొద్దంత ఏం పని చేస్తది బిడ్డా?" మొదట్లో నవ్వి ఊరుకునేదాన్ని, కానీ నిజంగా జవాబు చెప్పమంటే నా దగ్గర లేదు. మన సినిమా రాణి శపథం చేస్తుంది. కొడుకు కోసం ఎదురుచూస్తుంది. యుద్ధానికి వెళ్ళే మొగుడికి వీరతిలకం దిద్దుతుంది. మెట్లు దిగుతుంది, చాలా మెట్లు, స్లో మోషన్‌లో. ఒక్కోసారి కత్తి కూడా తిప్పుతుంది. రాజ్యం నడపడం అనే రోజువారీ పని, అంటే పన్నులు, చెరువులు, తగవులు, జీతాలు, ఎవడికి ఏ ఊరు అప్పగించాలి అనే గొడవ, అది మాత్రం ఎప్పుడూ ఇంకో గదిలో ఇంకెవరో చేస్తుంటారు.

మామూలు ఆడమనిషి సంగతి చూస్తే పొద్దున్నే కళ్ళాపి చల్లి ముగ్గేస్తుంది, కాఫీ అందిస్తుంది, రాత్రికి కొంగుతో కళ్ళొత్తుకుంటుంది. ఆ మధ్య గంటలు ఏమయ్యాయో, ఎవరి పొలంలో వంగిందో, ఎంత కూలి చేతికొచ్చిందో తెలియదు. పల్లెటూరి హీరోయిన్ అయితే లంగా ఓణీలో మేకపిల్ల వెనక పరిగెడుతుంది. మిరపకాయలు కోసి చేతులు మండుతున్న హీరోయిన్‌ని, బీడీలు చుడుతూ ఆకు బాగాలేదని కమీషన్‌వాడితో గొడవపడే హీరోయిన్‌ని ఎన్నిసార్లు చూశారు? నిజామాబాద్, కరీంనగర్ వైపు ఇల్లిల్లూ బీడీలు చుట్టిన ఊళ్ళున్నాయి, సినిమాలో ఎక్కడున్నాయి?

ఏడుపు గురించి, అందం గురించి, హీరోయిన్‌కి ఎన్ని డైలాగులు ఇచ్చారు అనేదాని గురించి చాలామంది రాశారు. నన్ను పీకేది మాత్రం ఈ పని సంగతే.

రుద్రమదేవితో మొదలుపెడతాను, ఎందుకంటే అంత పెద్ద ఆశ మళ్ళీ ఏ సినిమా మీదా పెట్టుకోలేదు. 2015లో గుణశేఖర్ నిర్మాత కూడా తనే అయి 'రుద్రమదేవి' తీశాడు, హీరో పేరు మీద కాకుండా ఒక రాణి పేరు మీద అంత ఖర్చుతో సినిమా తీయడం మన దగ్గర చిన్న విషయం కాదు, ఆ ధైర్యానికి దండం. అనుష్క కూడా గుర్రం మీద నిజంగా రాణిలా కూర్చుంది. కానీ సినిమాకి ఆసక్తి ఎక్కడంటే, ఈమె ఆడదన్న సంగతి ఎప్పుడు బయటపడుతుంది, ఎవరు ప్రేమిస్తారు, నగలు పెట్టుకుంటే ఎలా ఉంటుంది, ఇందులో. ఆమె పాలన మొదలయ్యే సరికి మనం చెప్పుల కోసం సీటు కింద వెతుక్కునే టైమ్ అవుతుంది.

అసలు ఆమె కథ అక్కడే కదా మొదలయ్యేది. 1262 నుంచి 1289 దాకా, దాదాపు 27 ఏళ్ళు రాజ్యం చేసిన మనిషి. ఆడదాని కింద ఉండబోమని తిరగబడ్డ సామంతుల్ని అణిచింది, దేవగిరి యాదవ మహాదేవుడి దండయాత్రని తిప్పికొట్టింది, ఇది కొంచెం సినిమాలకి పనికొచ్చే భాగమే. కానీ నాకు అంతకంటే ఆశ్చర్యంగా అనిపించేది, పెద్ద వంశాలవాళ్ళని నమ్ముకోకుండా, వంశం పేరు లేని మామూలు సైనికుల్ని నాయకులుగా పైకి తీసుకురావడం. అది రోజూ చేయాల్సిన పని. ఎవణ్ణి నమ్మాలి, ఎవడికి ఎంత భూమి ఇవ్వాలి, ఎవడికి కోపం వస్తుంది అని లెక్కలేసుకుంటూ రాత్రిళ్ళు మేలుకునే పని. ఇందులో డ్రామా లేదంటే నేను ఒప్పుకోను. మన ఎమ్మెల్యే టికెట్ల పంపకం మీద టీవీ చానెళ్ళు నెలలపాటు బతకట్లేదా?

ఇంకా ఉంది. మల్కాపురం శాసనం అని 1261 నాటిది ఒకటుంది, గుంటూరు వైపు, ఇప్పటి అమరావతి ప్రాంతంలో. తండ్రి గణపతిదేవుడు, రుద్రమదేవి కలిసి విశ్వేశ్వర శివాచార్యుడి గోళకీ అనే శైవ మఠానికి ఊళ్ళు దానమిచ్చిన సంగతి దానిమీద ఉంది. ఆ ఊళ్ళు ఏవనుకున్నారు? మందడం, వెలగపూడి. అవును, ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ సచివాలయం ఉన్న వెలగపూడే. మఠం, చదువు చెప్పే ఏర్పాటు, అన్నదానం, వీటితో పాటు ఆ ఆదాయంతో నడవాల్సినవాటిలో ఆరోగ్యశాల ఉంది, ప్రసూతిశాల ఉంది. ప్రసూతిశాల అండి! పదమూడో శతాబ్దంలో కాన్పుల కోసం ఒక చోటు, దానికో ఆదాయం, అది రాళ్ళమీద చెక్కించి మరీ. దానమిచ్చినవాళ్ళలో ఒకరు రాబోయే రాణి. ఆ ప్రసూతిశాలలో పురుడు పోసుకోవడానికి వచ్చినామె ఏ ఊరామో, మంత్రసాని ఎవరో శాసనం చెప్పదు. చెప్పని ఆ ఖాళీ కోసమే కదా సినిమా రచయితలు ఉన్నది. రాణి బతుకూ, ఊరి ఆడదాని బతుకూ నిజంగా తగిలిన చోటు అది, ఒక సీను రాసుకోవచ్చు, కనీసం ఒక షాట్. మనవాళ్ళు ఆ బదులు అంతఃపురంలో అలంకరణ పాట పెట్టారు. పాట బాగానే ఉంటుంది, అది వేరే సంగతి.

రుద్రమదేవి చనిపోయిన సంగతి మనకి ఎలా తెలిసిందో కూడా చెప్పాలి. మా అత్తమ్మ వాళ్ళ ఊరికి దగ్గర్లోనే చందుపట్ల అని ఊరుంది. అక్కడ 1289 నవంబరు నాటి శాసనం దొరికింది. రుద్రమదేవికీ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యం కలగాలని సోమనాథ దేవుడికి భూమి దానం చేస్తూ వేయించింది. వేయించినవాడు రాజూ కాదు, మంత్రీ కాదు. పువ్వుల ముమ్మడి అని ఆ మల్లికార్జున నాయకుడి కొలువులో పనిచేసే మనిషి. సినిమాలో అయితే వింజామర పట్టుకునే బ్యాచ్ అన్నమాట. ఆ రాయి లేకపోతే మహారాణి ఎప్పుడు పోయిందో మనకి తెలిసే దారి ఉండేది కాదు. ఈ సంగతి అత్తమ్మకి చెబితే "గా చందుపట్లనా? మస్తుసార్లు పోయిన ఆడికి, ఎవ్వలూ చెప్పకపాయె" అంది, కొంచెం కోపంగానే.

పాత సినిమాలు నయమా అంటే, ఒక రకంగా నయం. వాటిలో రాణుల్ని మన వీధిలో ఆడవాళ్ళలా తీశారు. 'మాయాబజార్' (1957) ఎన్నిసార్లు చూసినా నాకు నచ్చేది శశిరేఖ కంటే ఎక్కువగా రేవతీదేవే, ఛాయాదేవి వేసిన పాత్ర. ద్వారక మహారాణి, బలరాముడి భార్య, కానీ మాట్లాడే తీరు అచ్చం మన పక్కింటి పెద్దావిడ. పాండవులు రాజ్యం పోగొట్టుకున్నారు అని తెలియగానే సంబంధం వద్దంటుంది, సుభద్ర కొడుకుని వెంటబెట్టుకుని పుట్టింటికి వస్తే ముఖం మార్చేస్తుంది. ఆస్తి పోయిన ఆడపడుచుని వదినలు ఎలా చూస్తారో దానికి కిరీటం పెట్టారంతే. కె.వి.రెడ్డి, పింగళి ఇద్దరికీ తెలుసు, జనం చూడ్డానికి వచ్చేది ద్వారకని కాదు, వాళ్ళ ఇంటినే అని.

అయితే సావిత్రి పాత్రలు వరసగా చూస్తే ఒకటి కనిపిస్తుంది. 'మిస్సమ్మ' (1955)లో మేరీ డిగ్రీ చదివింది, అప్పుంది, అప్పు తీర్చకపోతే డేవిడ్ మెడ మీద కూర్చుంటాడు, అందుకని ఉద్యోగం కోసం ఎవరి భార్యగానో నటించడానికి ఒప్పుకుంటుంది. డబ్బు కష్టం కథని నడిపిస్తుంది. 1957కి అదే సావిత్రి శశిరేఖ అయ్యింది, ఇక పెళ్ళి తప్ప ఆమెకి ఏ సమస్యా లేదు. 1962లో 'గుండమ్మ కథ'లో లక్ష్మి, ఇంటెడు చాకిరీ, సవతి తల్లి ఇంట్లో జీతం లేని పనిమనిషి. ఎన్టీఆర్ అంజిగా వచ్చి పప్పు రుబ్బడంలో సాయం చేస్తూ పాడే పాట అందరికీ తెలుసు. అందులో సరదా ఎంతున్నా, ఒక ఆడమనిషి చేసే పని తెరమీద కనబడుతుంది, రోలు కనబడుతుంది, చెమట కనబడుతుంది, ఆ పని ఇంకొకరు పంచుకుంటే ఎలా ఉంటుందో కూడా కనబడుతుంది. అరవై ఏళ్ళు దాటాక మనం ఇంకా ముందుకి వెళ్ళి ఉండాలి. ఇప్పటి సినిమాల్లో రోలు పోయి మాడ్యులర్ కిచెన్ వచ్చింది, హీరోయిన్ అందులో ఆపిల్ తింటూ కౌంటర్ మీద కూర్చుంటుంది. వంట ఎవరు చేశారో దేవుడికే తెలియాలి.

ఇక 'బాహుబలి'. దాని జోలికి పోతే తిట్లు తప్పవని తెలుసు, అయినా. మొదటి భాగంలో శివగామి ఒడిలో పసిబిడ్డని పెట్టుకుని, తిరుగుబాటుని అణిచి, రాజ్యం చేతుల్లోకి తీసుకునే సీను నాకు చాలా ఇష్టం. రమ్యకృష్ణ అక్కడ తల్లీ, పాలకురాలూ ఒకేసారి, ఒకదాని కోసం ఇంకోటి మానుకోలేదు. బిడ్డని చంకనేసుకుని పనిలోకి వెళ్ళిన ఏ ఆడమనిషికైనా అది అర్థమవుతుంది. కానీ ఆ తర్వాత? రెండో భాగం వచ్చేసరికి ఆమె తీసుకునే పెద్ద నిర్ణయాలన్నీ ఏ కొడుక్కి ఏ పిల్ల, ఏ కొడుకు మాట నమ్మాలి అనే చుట్టూనే తిరుగుతాయి. ద్వారకలో రేవతి చేసిందీ అదే, కాకపోతే రేవతి దాన్ని శాసనం అని పిలవలేదు.

మొదటి భాగం హీరోయిన్ అవంతిక గురించి 2015లోనే చాలా గొడవ జరిగింది. కత్తి పట్టిన పిల్ల కత్తి పక్కన పడేయించి, ఆమె ఒప్పుకోలుతో పనిలేకుండా ముస్తాబు చేసి, ఇదిగో అసలు నువ్వు అని చూపించడం. అది అందంగా తీసినంత మాత్రాన మారదు. నేను ఇంకో సీను గురించి మాట్లాడాలి. రెండో భాగంలో గుడి దగ్గర ఆడవాళ్ళ వరస. సేనాపతి సేతుపతి ఒక్కొక్కరి మీదా చెయ్యి వేస్తూ వస్తాడు. ఆ ఆడవాళ్ళు ముడుచుకుపోతారు, ఏమీ అనరు. ఆ చెయ్యి దేవసేన దాకా వచ్చినప్పుడు ఆమె వేళ్ళు నరుకుతుంది. హాలంతా విజిళ్ళు, నేనూ చప్పట్లు కొట్టాను. దర్బారులో విచారణ, దేవసేన మాట్లాడుతుంది, సేతుపతి మాట్లాడతాడు, భల్లాలదేవుడు, శివగామి, చివరికి బాహుబలి వచ్చి నరకాల్సింది వేళ్ళు కాదని తలే తీసేస్తాడు. అంతమంది మాట్లాడారు కదా, ఆ వరసలో ముందు నిలబడ్డ ఆడవాళ్ళని ఒక్కరినైనా పిలిచి నీకేం జరిగింది అని అడిగారా? మాహిష్మతిలో బస్సులుంటే, ఇలాంటి చేతుల్ని రోజూ భరిస్తూ ఎక్కేది ఆ ఆడవాళ్ళే. వాళ్ళ బాధ కథలోకి రావాలంటే ఆ చెయ్యి యువరాణి దాకా రావాల్సి వచ్చింది.

రాణులన్నాక పక్కనే పనివాళ్ళుంటారు, వాళ్ళిద్దరినీ ఒకే చూపుతో చూసిన తెలుగు సినిమా ఉందా అంటే నాకు ఒకటే గుర్తొస్తుంది, బి.నర్సింగరావు 'దాసి' (1988). నిజాం కాలం, 1920ల తెలంగాణ, ఒక గడి, అంటే దొర ఉండే కోట లాంటి ఇల్లు. అందులో దొర, దొరసాని, కమలాక్షి అనే దాసి. అర్చన ఆ పాత్రకి జాతీయ అవార్డు తీసుకుంది, అంతకు ముందు ఏడాది తమిళ 'వీడు'కి కూడా ఆమెకే వచ్చింది. మా వైపు పాతవాళ్ళు ఆడబాప అనేవారు, దొరసాని పెళ్ళయి గడికి వచ్చేటప్పుడు బిందెలు, మంచాలతో పాటు పంపే ఆడపిల్ల. కట్నం సామాను లెక్కలో ఒక మనిషి.

ఆ సినిమాలో పెద్దగా ఏమీ జరగదు అని మొదటిసారి చూసినవాళ్ళు అంటారు. పని జరుగుతుంది. నీళ్ళు మోయడం, ఊడవడం, వడ్డించడం, కాళ్ళు పట్టడం, రాత్రి పిలిస్తే వెళ్ళడం, పొద్దున్నే మళ్ళీ ఊడవడం. దొర పిలిచినదీ పనే, చీపురూ పనే, రెండిటికీ ఆమె ముఖం ఒకేలా ఉంటుంది, ఆ ఒకేలా ఉండటమే నన్ను భయపెట్టింది. కడుపు వస్తుంది. ఆ బిడ్డ ఉండాలా వద్దా అనేది ఆమెని ఎవరూ అడగరు, గడి తీయించేస్తుంది. అదే కప్పు కింద దొరసాని ఉంది, పట్టుచీర, నగలు, ఆమె కూడా ఆ గోడలు దాటి ఎక్కడికీ పోలేదు. ఇక్కడ సినిమా చాలా జాగ్రత్తగా ఉంది, దొరసాని కూడా పాపం ఖైదీయే కదా అని ఇద్దరినీ సమానం చేసేయదు. ఒకరు అద్దం ముందు కూర్చుని విసుగుపడతారు, ఇంకొకరు ఆ అద్దం తుడుస్తారు. ఒక ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళ మధ్య ఎంత దూరం ఉండగలదో అంతా ఆ ఫ్రేములోనే తెలిసిపోతుంది. పని చూపించిన సినిమా కాబట్టి అది తెలిసింది. పని తీసేస్తే ఇద్దరూ అందమైన ఆడవాళ్ళే, ఇద్దరికీ కష్టాలే.

ఈ మధ్యకాలంలో అలాంటిది 'మల్లేశం' (2019). చింతకింది మల్లేశం ఆసు యంత్రం కనిపెట్టిన కథ. పోచంపల్లి రకం చీర నేయాలంటే ముందు నూలుని గూటాల చుట్టూ ఇటూ అటూ తిప్పి ఆసు పోయాలి, ఒక్క చీరకి దాదాపు 9 వేల సార్లు చెయ్యి అలా ఆడాలి, అది ఇంటి ఆడవాళ్ళ పని. ఆయన తల్లి లక్ష్మి భుజం పోతుంటే చూడలేక యంత్రం చేశాడు, దానికి ఆమె పేరే పెట్టాడు. సినిమాలో ఝాన్సీ ఆ తల్లి వేషం వేసింది. భుజం పట్టేసి చెయ్యి లేవక అలాగే ఇంకో తిప్పు తిప్పుతుంది చూడండి, ఆ సీనుకి మా అత్తమ్మ ఏ ప్రశ్నా అడగలేదు. హీరో మగవాడే, కథ అతని పట్టుదలదే, అందులో తప్పేం లేదు, జరిగింది అదే కదా. కానీ కథకి కారణం ఒక ఆడదాని భుజం నొప్పి. మన సినిమాల్లో తల్లి నొప్పి అంటే గుండె నొప్పే, ఆస్పత్రి బెడ్డు, హీరోకి ఆఖరి కోరిక చెప్పడానికి పనికొచ్చే నొప్పి. భుజం నొప్పి వచ్చిన తల్లిని అప్పుడే చూశాను.

మార్కోపోలో మోటుపల్లి రేవు గురించి రాస్తూ ఈ రాజ్యాన్ని ఒక రాణి న్యాయంగా ఏలుతోందని అంటాడు. మన రుద్రమనే. ఆ తర్వాత ఇక్కడి బట్ట గురించి చెబుతాడు, సాలెగూడులా అంత సన్నగా ఉంటుందట, ప్రపంచంలో ఏ రాజైనా రాణైనా కట్టుకోవడానికి సంతోషిస్తారట. అంత సన్నని నూలు వడికిన చేతుల గురించి ఆయనకీ తెలియదు, ఎవరూ చెప్పి ఉండరు. మన పీరియడ్ సినిమాల కాస్ట్యూమ్ డిజైనర్ ఇంటర్వ్యూల్లో కూడా చీర ఎన్ని కిలోలు, జరీ ఎంత అనే ఉంటుంది.

చివరగా నాగమ్మ. ఆమెని వదిలేస్తే ఈ పోస్టు రాసిన ప్రయోజనం లేదు, ఎందుకంటే రాణి కాదు, మామూలు మనిషిగానూ మిగల్లేదు. జనం చెప్పుకునే కథ ప్రకారం పల్నాడులో ఒక రైతు ఇంటి ఆడపిల్ల, చిన్నప్పుడే మొగుడు పోయాడు. వేటకి వచ్చి అలసిపోయిన రాజుకి అన్నం పెట్టి ఆదరించి, ఏం కావాలో కోరుకోమంటే ఏడు ఘడియల మంత్రి పదవి అడిగింది. బంగారం అడగలేదు, భూమి అడగలేదు, పని అడిగింది! ఆ ఏడు ఘడియల్లో ఏం చేసిందో గానీ నలగామరాజు దగ్గర మంత్రిగా ఉండిపోయింది. బ్రహ్మనాయుడికి ఎదురుగా నిలబడి రాజకీయం నడిపింది, కోడిపందెం దాకా, యుద్ధం దాకా.

'పల్నాటి యుద్ధం' రెండుసార్లు తీశారు, 1947లో కన్నాంబ, 1966లో భానుమతి నాగమ్మ వేశారు. ఇద్దరూ మహా నటులు. భానుమతి ఒక కనుబొమ్మ ఎత్తితే చాలు సీను ఆమెదే. కానీ రెండిటిలోనూ ఆమె కుట్రలు పన్నే ఆడది, కత్తులు దూసిన మగవాళ్ళు మాత్రం వీరులు. కొంపలు ముంచిన పందెంలో రెండు వైపులా కోళ్ళున్నాయి, పందెం కాసినవాళ్ళున్నారు, యుద్ధానికి ఒప్పుకున్నవాళ్ళున్నారు. కారెంపూడిలో ఇప్పటికీ కార్తీక మాసంలో వీరుల ఉత్సవం జరుగుతుంది, మగ వీరుల ఆయుధాలకి పూజలు జరుగుతాయి. ఇప్పటికీ మా ఇళ్ళల్లో ఏ ఆడదైనా కొంచెం గట్టిగా లెక్కలడిగితే, ఆస్తి పంపకాల్లో నోరు విప్పితే, "అమ్మో, నాయకురాలు నాగమ్మ" అని తిట్టే వాళ్ళున్నారు, నన్ను కూడా అన్నారు.

మొన్న 1966 సినిమా యూట్యూబ్‌లో పెట్టి అత్తమ్మని పక్కన కూర్చోబెట్టుకున్నాను. సగంలో ఆమె అన్న మాట, "గీమె ఒక్కతే పని చేస్తున్నది గదనే ఈ సినిమాల. మిగిలినోళ్ళంత మీసాలు దువ్వుతున్నరు." ఎవరైనా ఈ నాగమ్మ కథని ఆమె వైపు నుంచి, ఆ ఏడు ఘడియల నుంచి మొదలుపెట్టి రాసుకుంటే చెప్పండి. టికెట్ రేటు ఎంత పెంచినా మేమిద్దరం మొదటి రోజే వస్తాం.